మీ రైఫిల్‌కు ఏ తూటా: ఫ్యాక్టరీదా, కస్టమ్‌దా, ఇంట్లో నింపినదా?

పాఠకుని లేఖ: "మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. గ్రీన్ కార్డు వచ్చాక నిరుడు 6.5 క్రీడ్‌మూర్ కాలిబర్, అంటే ఆ కొలత తూటా పట్టే, బోల్ట్ యాక్షన్ రైఫిల్ కొనుక్కున్నాను. నెలకొకసారి రేంజికి వెళ్లి రెండు పెట్టెలు, అంటే 40 తూటాలు పేలుస్తాను. ఎక్కువగా 100 గజాల దగ్గర, అప్పుడప్పుడు 300 గజాల దగ్గర. వచ్చే నవంబరులో జింకల వేటకు వెళ్లాలని కూడా ఉంది. ఫ్యాక్టరీ మ్యాచ్ తూటాలకు, అంటే గురి పోటీల కోసం చేసినవాటికి, ఖర్చు బాగా అవుతోంది. ఒక చిన్న సంస్థ కస్టమ్‌గా లోడ్ చేసి ఇస్తానంటోంది. హ్యూస్టన్‌లో ఉన్న మా బావగారు చాలా ఏళ్లుగా ఇంట్లోనే తూటాలు నింపుకుంటారు. ఆయనదీ ఇదే కాలిబర్ కాబట్టి వంద తూటాలు ఇచ్చి 'ముందు ఇవి వాడి చూడు' అన్నారు. హెచ్-1బీ మీద ఉన్న మిత్రుడొకడు సామాను ఖర్చు చెరి సగం పెట్టుకుని మా గరాజ్‌లో నింపుకుందామంటున్నాడు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారు, తుపాకీ మందు ఇంట్లో పెట్టడమంటే మా ఆవిడకు భయం. ఏం చెయ్యమంటారు? మరొక చిన్న సందేహం: సంక్రాంతికి ఊరికి వెళ్తూ నాన్నగారికి చూపించడానికి ఒక ఖాళీ తూటా పట్టుకెళ్లవచ్చా?"

సమాధానం: ఈ ఏడాదికి మీరు ఫ్యాక్టరీ తూటాలే వాడండి. అయితే ఇప్పుడు వాడుతున్నట్టు దొరికిన పెట్టె దొరికినట్టు కాకుండా, మీ రైఫిల్‌కు నప్పిన రకాన్ని ఎంచుకుని, ఒకే లాట్ నంబరు ఉన్న, అంటే ఒకే విడతలో తయారైన, పెట్టెలు కొన్ని నెలలకు సరిపడా ఒకేసారి కొనుక్కోండి. పేల్చిన ప్రతి బ్రాస్‌నూ, అంటే మళ్లీ నింపడానికి పనికొచ్చే ఇత్తడి గొట్టాన్ని, ఏరి, ఏ లాటుదో రాసి దాచుకోండి. ఏడాది తర్వాత ఇదే అలవాటు కొనసాగుతూ, ఇంకా దూరం కొట్టాలన్న కోరిక కూడా మిగిలి ఉంటే, అప్పుడు ఇంట్లో నింపుకోవడం మొదలుపెట్టండి. కస్టమ్ తూటాల అవసరం మీకు ఇప్పుడు లేదు. బావగారు ఇచ్చిన వంద తూటాలను మాత్రం మీ రైఫిల్‌లో ఒక్కటి కూడా పేల్చవద్దు. మిత్రుడితో సగం సగం ఏర్పాటుకు చట్టం అడ్డు వస్తుంది, దాని గురించి కింద వివరంగా రాస్తున్నాను.

ఎక్కువ ఖరీదైన తూటా ఎక్కువ కచ్చితమైనదనీ, ఫ్యాక్టరీ తూటా అందరికీ ఒకే కొలతతో కుట్టిన చొక్కా లాంటిది కాబట్టి ఎవరికీ సరిగ్గా నప్పదనీ చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు ఆ మాటలో కొంత నిజం ఉండేది. మీ కాలిబర్ విషయంలో ఇప్పుడది చాలావరకు నిజం కాదు. 6.5 క్రీడ్‌మూర్‌ను హార్నడీ సంస్థ 2007లో ప్రవేశపెట్టినప్పుడే, దూరపు లక్ష్యాల పోటీలకు వెళ్లేవారు ఇంట్లో నింపుకోకుండా కొట్టు నుంచి తెచ్చిన పెట్టెతోనే పోటీ పడగలగాలన్నది దాని వెనక ఉన్న ఆలోచన. పైగా అమెరికాలోని పేరున్న కంపెనీలు 1926లో ఏర్పడిన సామి అనే పరిశ్రమ సంస్థ ప్రమాణాలకు లోబడి తయారు చేస్తాయి. ఈ కాలిబర్‌కు తూటా పేలినప్పుడు లోపల పుట్టే వాయువులకు ఆ ప్రమాణం అనుమతించే గరిష్ఠ సగటు ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌనులు. ఫ్యాక్టరీలో ప్రతి లాటు నుంచి కొన్ని తూటాలు తీసి, ఒత్తిడి కొలిచే ప్రత్యేకమైన బ్యారెల్‌లో పేల్చి చూస్తారు. ఏదైనా లోపం బయటపడితే లాట్ నంబరు చెప్పి వెనక్కి పిలిపిస్తారు. ఇంటి బల్ల మీద మనం ఎంత శ్రద్ధగా నింపినా ఆ ఒత్తిడిని కొలిచే సాధనం మన దగ్గర ఉండదు. అందుకే తూటాలు అయిపోయేవరకు ఫ్యాక్టరీ పెట్టెను పారెయ్యవద్దు, తూటాలను మరో డబ్బాలోకి మార్చవద్దు.

ఇక నప్పినది ఎంచుకోవడం. ఖర్చు తగ్గాలన్నా, గురి బాగుపడాలన్నా మీకు మొదట పనికొచ్చేది ఇదే కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువగా రాస్తున్నాను. మూడు నాలుగు రకాల మ్యాచ్ తూటాలు ఒక్కో పెట్టె చొప్పున కొనండి. బుల్లెట్ (తూటా కొసన ఉండి, పేల్చినప్పుడు దూసుకెళ్లే భాగం) బరువులోనో తయారీదారులోనో తేడా ఉండేట్టు చూసుకోండి. గాలి లేని ఉదయం పూట 100 గజాల దగ్గర, ముందూ వెనకా సంచుల మీద రైఫిల్‌ను ఆనించి, ఒక్కో రకానికి పదేసి తూటాల గ్రూపులు (ఒకే గురికి వరుసగా కొట్టినవి) రెండు చొప్పున కొట్టండి. రకం మార్చినప్పుడల్లా బ్యారెల్‌ను చల్లారనివ్వండి, కొత్త రకంతో మొదటి రెండు మూడు తూటాలను లెక్కలోకి తీసుకోకుండా వదిలెయ్యండి. ఇరవై తూటాల పెట్టెలో అవి సరిపోవనిపిస్తే రెండో గ్రూపును ఏడెనిమిది తూటాలతో ముగించినా ఫరవాలేదు. అంతేగాని మూడు తూటాల గ్రూపు చూసి నిర్ణయానికి రాకండి. మూడు తూటాలు ఒకే రంధ్రంలో పడటం ఎంత మామూలు తూటాతోనైనా అప్పుడప్పుడు జరుగుతుంది. అదే తూటాతో పది కొడితే అసలు వ్యాప్తి ఎంతో బయటపడుతుంది. పది తూటాల గ్రూపు ఒక ఎంఓఏ (వ్యాప్తిని కొలిచే కోణపు కొలత) లోపు, అంటే 100 గజాల దగ్గర ఒక అంగుళం పైచిలుకు లోపు నిలకడగా వస్తే ఆ తూటా మీ అవసరానికి చాలు.

ఈ పద్ధతి ఒలింపిక్ స్థాయి షూటర్లు పాటించేదే. వారి 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో వాడే .22 రిమ్‌ఫైర్ తూటాను ఇంట్లో తిరిగి నింపుకునే వీలు లేదు, ఎందుకంటే దాని పేలుడు పదార్థం అడుగు అంచులోనే ఉంటుంది, పేలిన తర్వాత ఆ అంచు నలిగిపోతుంది. అందువల్ల వారికి ఫ్యాక్టరీ తూటా తప్ప వేరే దారి లేదు. ఎలీ, లాపువా వంటి తయారీదారుల పరీక్షా కేంద్రాలకు తమ రైఫిల్‌నో బ్యారెల్‌నో తీసుకెళ్లి, వరుసగా అనేక లాట్‌లు కొట్టి చూసి, దేని గ్రూపు బిగువుగా వస్తే ఆ లాటునే కొనుక్కుంటారు. మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కొట్టే) విభాగంలో రజతం గెలిచిన పోటీ ఈ తరహా తూటాలతో జరిగేదే. తూటాను మార్చలేనివారు కూడా లాటును ఎంచుకుని అంతటి కచ్చితత్వం సాధించగలుగుతున్నప్పుడు, 300 గజాల దాకానే కొడుతున్న మీరు ఆ మార్గాన్ని ఒకసారి పూర్తిగా వాడి చూడకుండా తూటాలు నింపే ప్రెస్సూ త్రాసూ కొనడం తొందరపాటు అవుతుంది.

దూరం సంగతి కూడా లెక్కలో పెట్టుకోవాలి. ఇంట్లో జాగ్రత్తగా నింపిన తూటాల అసలు గొప్పతనం ఒక తూటాకూ మరొక తూటాకూ మధ్య వేగంలో తేడా తక్కువగా ఉండటం. మీ రైఫిల్ నుంచి 140 గ్రెయిన్ల (సుమారు తొమ్మిది గ్రాముల) బుల్లెట్ సెకనుకు సుమారు 2,700 అడుగుల వేగంతో వస్తుందనుకుందాం. వేగంలో 50 అడుగుల తేడా వస్తే 1,000 గజాల దగ్గర బుల్లెట్ సుమారు ఒక అడుగు పైకో కిందికో పోతుంది. 300 గజాల దగ్గర ఆ తేడా అంగుళం కూడా ఉండదు. అదే 300 గజాల దగ్గర, గంటకు 10 మైళ్ల పక్కగాలిని మీరు అంచనా వెయ్యకపోతే బుల్లెట్ దాదాపు ఐదు అంగుళాలు పక్కకు జరుగుతుంది. కాబట్టి మీరిప్పుడు డబ్బు పెట్టవలసింది గాలిని చదివే అభ్యాసం మీద, అంటే ఎక్కువ తూటాలు కొట్టడం మీద. తూటా నాణ్యతను ఇంకో మెట్టు ఎక్కించినా 300 గజాల దగ్గర మీకు కనిపించే లాభం స్వల్పం.

వేటకు మాత్రం మ్యాచ్ తూటా వాడవద్దు. కాగితానికి చిల్లు పెట్టడానికి చేసిన బుల్లెట్ జంతువు శరీరంలో ఎలా విచ్చుకుంటుందో, ఎంత లోతుకు పోతుందో నమ్మకంగా చెప్పలేం. గాయపడిన జింక పారిపోయి పొదల్లో బాధపడుతూ చావడం ఏ వేటగాడికీ సమ్మతం కాదు. వేట కోసం రూపొందించిన బుల్లెట్‌తో వచ్చే ఫ్యాక్టరీ తూటాలు రెండు పెట్టెలు కొని, ఒక పెట్టెతో స్కోప్‌ను సరిచూసుకుని, రెండోది సీజనుకు ఉంచుకోండి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు టెక్సస్‌లో వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ పూర్తి చెయ్యాలన్న నిబంధన మీకు తెలిసే ఉంటుంది. లైసెన్సుతో పాటు దాన్ని కూడా అక్టోబరులోగా ముగించుకోండి.

కస్టమ్ లోడ్ చేసే సంస్థల గురించి అడిగారు. వాటిలో మంచివి ఉన్నాయి, వాటి పనితనం పట్ల నాకు గౌరవం ఉంది. కానీ కస్టమ్ అని పెట్టె మీద ఉన్నంత మాత్రాన అది మీ రైఫిల్ కోసం చేసినదని అనుకోకండి. చాలా సందర్భాల్లో అది చిన్న మొత్తాల్లో, ప్రతి మోతాదునూ తూచి, మంచి బ్రాస్‌లో నింపిన తూటా మాత్రమే. నిజంగా మీ రైఫిల్‌కు తగ్గట్టు చెయ్యాలంటే వారు మీ రైఫిల్‌లో పేల్చిన బ్రాస్ కొన్ని తెప్పించుకుని, మీ చాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) కొలతలు తీసుకుని, బుల్లెట్ ఎంత లోతున కూర్చోవాలో నిర్ణయించి, కొన్ని తూటాలు పంపి మీ ఫలితాలు చూసి మళ్లీ సవరించాలి. అదంతా చేసేవారు అందుకు తగిన ధరే తీసుకుంటారు. మీ ఖర్చు తగ్గించుకోవాలన్న ఉద్దేశానికి అది సరిగ్గా ఎదురు దారి. కస్టమ్ తూటా అవసరమయ్యేది రెండు మూడు సందర్భాల్లోనే: తాతల నాటి రైఫిల్ ఉండి దాని కాలిబర్‌ను పెద్ద కంపెనీలు చెయ్యడం మానేసినప్పుడు, గన్‌స్మిత్ చేత ప్రమాణాలకు భిన్నమైన చాంబర్ తీయించుకున్నప్పుడు, లేదా 1,000 గజాల పోటీలకు వెళ్తూ నింపుకునే తీరిక లేనప్పుడు. మీకు ఎప్పుడైనా ఆ అవసరం వస్తే ముందుగా అడగవలసింది వారికి తూటాల తయారీకి ఫెడరల్ లైసెన్సు, అంటే టైప్ 06 గానీ టైప్ 07 గానీ ఉందా అని. ఆ తర్వాత ఒత్తిడి పరీక్ష ఎవరు చేస్తారు, లాటు వివరాలు రాసిపెడతారా, ప్రమాదం జరిగితే బీమా ఉందా అని అడగండి. అమ్మకానికి చేసేవారికి లైసెన్సు తప్పనిసరి. ఈ ప్రశ్నలకు నసిగేవారి దగ్గర కొనవద్దు.

ఇప్పుడు ఇంట్లో నింపుకోవడం. ముందు ఖర్చు చూద్దాం. నేటి ధరల్లో మ్యాచ్ బుల్లెట్, మందు, ప్రైమర్ (తూటా అడుగున ఉండి మందును అంటించే చిన్న బిళ్ల), బ్రాస్‌లో ఒక వాడకానికి పడే వాటా కలిపితే తూటాకు సుమారు ఒక డాలరు అవుతుంది. కొట్టులో మ్యాచ్ తూటా దాదాపు రెండు డాలర్లు ఉంటుంది. మందును గ్రెయిన్లలో తూస్తారు, పౌనుకు 7,000 గ్రెయిన్లు. ఈ పరిమాణపు తూటాకు 40 గ్రెయిన్లకు అటూ ఇటూగా పడుతుంది కాబట్టి ఒక పౌను డబ్బాతో సుమారు 170 తూటాలు నిండుతాయి. మిగులు తూటాకు 80 సెంట్లనుకున్నా, ఏడాదికి మీరు పేల్చే 480 తూటాల మీద 384 డాలర్లు అవుతుంది. సింగిల్ స్టేజ్ ప్రెస్, డైలు (బ్రాస్‌ను కొలతకు నొక్కే అచ్చులు), త్రాసు, కాలిపర్స్, ట్రిమ్మర్, శుభ్రం చేసే సామాను కలిపి మొదటి పెట్టుబడి 500 డాలర్ల దగ్గర మొదలవుతుంది. అంటే పెట్టుబడి తిరిగి రావడానికే ఏడాది దాటుతుంది. పైగా కొత్తలో వంద తూటాలకు నాలుగైదు గంటలు కూర్చోవలసి వస్తుంది. డబ్బు మిగులుతుందని మొదలుపెట్టినవారు సాధారణంగా మిగిలినదాన్ని మరిన్ని తూటాలకే ఖర్చు పెడతారు. అది తప్పేమీ కాదు, కానీ ఇంటి లెక్కల్లో దాన్ని పొదుపుగా రాసుకోకండి. ఆ పనిని ఇష్టపడేవారికి, ఫోను పక్కన పెట్టి ఒకే పని మీద గంటల కొద్దీ మనసు నిలపగలిగేవారికి ఇది చక్కని వ్యాపకం. ఆ స్వభావం లేనివారికి ఇది ప్రమాదం.

ఆ ప్రమాదం ఎక్కడ ఉంటుందో దగ్గరగా చూపిస్తాను. పేల్చిన ప్రతిసారీ బ్రాస్ చాంబర్ మేరకు సాగుతుంది. దాన్ని డైలో నొక్కి మళ్లీ మొదటి కొలతకు తెస్తాం. డైని అవసరానికి మించి కిందికి బిగిస్తే బ్రాస్ భుజం (మెడ కింద వాలుగా ఉండే భాగం) ఎక్కువగా వెనక్కి పోతుంది. తర్వాత పేల్చినప్పుడు అడుగుకు కొంచెం పైన, గోడ మందం తగ్గే చోట, లోహం సాగి పలచబడుతుంది. నాలుగైదు సార్లు ఇలా జరిగాక బయట నుంచి చూస్తే అడుగుకు పైన ఒక మెరిసే గీత చుట్టూ కనిపిస్తుంది. పేపర్ క్లిప్‌ను సాగదీసి, కొనను చిన్న కొక్కెంలా వంచి, బ్రాస్ లోపలికి పెట్టి అడుగు నుంచి గోడ వెంట నెమ్మదిగా పైకి లాగితే, ఆ గీత ఉన్నచోట కొన గాడిలో పడి ఆగినట్టు వేలికి తెలుస్తుంది. ఆ బ్రాస్‌ను ప్లయర్‌తో నలిపి పారెయ్యాలి. మరొకసారి పేలిస్తే అది రెండుగా విడిపోయి, వేడి వాయువు బోల్టు (చాంబర్‌ను వెనక నుంచి మూసే కడ్డీ) వైపు, అంటే మీ ముఖం వైపు వస్తుంది. బోల్ట్ యాక్షన్‌కు భుజాన్ని అంగుళంలో వెయ్యో వంతు నుంచి రెండు వెయ్యో వంతులు మాత్రమే వెనక్కి జరపడం మంచి పద్ధతి. దానికి భుజం కొలిచే చిన్న పరికరం కాలిపర్స్‌కు తగిలించుకోవాలి. సామాను జాబితాలో చాలామంది వదిలేసేది ఇదే, నా దృష్టిలో ప్రెస్ తర్వాత మొదట కొనవలసినదీ ఇదే.

రెండో ప్రమాదం మందు పొరపాటు. మీ కాలిబర్‌లో చాలామందికి ఇష్టమైన మందు హాడ్జ్‌డన్ వారి హెచ్4350. ఐఎంఆర్ 4350 అనీ, ఆక్యురేట్ 4350 అనీ వేరే మందులు కూడా ఉన్నాయి. అంకె ఒకటే అయినా అవి మూడు వేర్వేరు పదార్థాలు, ఒకదాని మోతాదు మరొకదానికి పనికిరాదు. అందుకని బల్ల మీద ఏ సమయంలోనైనా ఒకే ఒక్క మందు డబ్బా ఉండాలి. పని ముగియగానే త్రాసులోనూ, మందు పోసే సాధనంలోనూ మిగిలినదాన్ని అదే డబ్బాలో పోసి మూత పెట్టాలి. పేరు లేని సీసాలో ఏదైనా మందు దొరికితే అది ఎంత ఖరీదైనదనిపించినా వాడకూడదు. బుల్లెట్లు కూర్చోబెట్టే ముందు నింపిన బ్రాస్ అన్నిటినీ ట్రేలో నిలబెట్టి, టార్చి వేసి, ప్రతిదానిలో మందు ఒకే ఎత్తున ఉందో లేదో చూడాలి. మోతాదు విషయానికొస్తే, మందు తయారీదారు గానీ బుల్లెట్ తయారీదారు గానీ ప్రచురించిన పట్టిక తప్ప మరెవరి మాటా వినకండి, ప్రారంభ మోతాదు దగ్గరే మొదలుపెట్టండి. బోల్టు బిగుసుకోవడం, ప్రైమర్ చదునై పోవడం, బ్రాస్ అడుగున ఎజెక్టర్ (పేలిన బ్రాస్‌ను బయటికి తోసే భాగం) గుర్తు పడటం ఒత్తిడి ఎక్కువైందని చెప్పే గుర్తులే. కానీ అవి కనిపించేసరికి చాలాసార్లు హద్దు దాటిపోయి ఉంటుంది. అవి లేనంత మాత్రాన క్షేమమని కాదు. ఆగస్టు ఎండలో పార్క్ చేసిన కారులో తూటాలను వదిలేస్తే లోపలి మందు వేడెక్కి ఒత్తిడి పెరుగుతుందని కూడా టెక్సస్‌లో ఉండేవారు గుర్తుంచుకోవాలి. ఈ సంగతి ఫ్యాక్టరీ తూటాలకు కూడా వర్తిస్తుంది.

ఇదంతా చదివిన తర్వాత బావగారి తూటాలను ఎందుకు వద్దన్నానో మీకు సగం అర్థమై ఉంటుంది. ఆయన నేర్పరితనాన్ని నేను శంకించడం లేదు. ఆయన బ్రాస్ ఆయన చాంబర్‌కు సరిపోయేట్టు నొక్కి ఉంటుంది, బుల్లెట్ లోతు ఆయన బ్యారెల్ గొంతుకు, అంటే చాంబర్ ముందు గాడులు మొదలయ్యే చోటుకు, తగ్గట్టు పెట్టి ఉంటుంది. చాలా ఏళ్లుగా వాడుతున్న రైఫిల్‌లో ఆ గొంతు అరిగి ముందుకు జరుగుతుంది. అరుగుదలకు తగ్గట్టు ఆయన బుల్లెట్‌ను బయటికి పెట్టుకుంటూ వచ్చి ఉంటే, అదే తూటా మీ కొత్త బ్యారెల్‌లో గాడుల మీదికి గట్టిగా ఒత్తుకుని ఒత్తిడి ఒక్కసారిగా పెరగవచ్చు. ఒకే కాలిబర్ అన్న మాట ఫ్యాక్టరీ ప్రమాణాలకు లోబడిన తూటాలకే భరోసా ఇస్తుంది. అంతేకాక, ఇతరులు నింపిన తూటాల వల్ల రైఫిల్ పాడైతే తయారీదారులు సాధారణంగా వారంటీ ఇవ్వరు. బావగారి మనసు నొచ్చుకోకుండా ఆ వంద తూటాలను తిరిగి ఇచ్చెయ్యండి. "ఇవి మీ రైఫిల్‌కు చేసినవి బావగారూ, నాకు చేపలు పట్టడం నేర్పండి గానీ చేప పెట్టకండి" అన్నట్టు కాకుండా, "మీ పక్కన కూర్చుని ఒక రోజంతా చూస్తాను" అని సూటిగా అడగండి. ఇంట్లో అనుభవం ఉన్న పెద్దాయన ఉండటం మీ అదృష్టం. ఆయన దగ్గర తీసుకోవలసింది విద్య, తూటాలు కాదు.

మిత్రుడి సంగతి మరింత గట్టిగా చెప్పాలి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం, హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 వంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటం నేరం. ఇందుకు ఉన్న మినహాయింపుల్లో మన వారికి ఉపయోగపడేది ఒకటే: అమెరికాలో చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు చేతిలో ఉండటం. తూటాలు అంటే నింపినవి మాత్రమే అనుకుంటారేమో. చట్టం ఇచ్చిన నిర్వచనంలో ఖాళీ బ్రాస్, ప్రైమర్లు, బుల్లెట్లు, మందు అన్నీ విడివిడిగా కూడా తూటాల కిందికే వస్తాయి. కాబట్టి వేట లైసెన్సు లేకుండా అతను సగం ఖర్చు పెట్టి కొన్న ప్రైమర్ల డబ్బా కూడా అతనికి నేరమే అవుతుంది. 2022లో వచ్చిన సవరణ తర్వాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు, దాని వెంట వీసా, గ్రీన్ కార్డు ఆశలు కూడా పోతాయి. ముందు అతను లైసెన్సు తీసుకుని, గడువు ముగియకుండా చూసుకుంటూ, ఒక ఇమిగ్రేషన్ లాయరును సంప్రదించిన తర్వాతే ఏదైనా ఆలోచించండి. ఇదే నియమం విజిటర్ వీసా మీద వచ్చే అమ్మానాన్నలకూ వర్తిస్తుంది. నాన్నగారు వచ్చినప్పుడు సరదాగా రేంజికి తీసుకెళ్లి రైఫిల్ చేతికివ్వడం చాలా ఇళ్లలో జరుగుతోంది. వేట లైసెన్సు లేకుండా అలా చెయ్యవద్దు. మీరిద్దరూ కలిసి నింపిన తూటాలను మరొకరికి అమ్మే ఆలోచన ఉంటే అదీ మానుకోండి, దానికి ముందు చెప్పిన తయారీ లైసెన్సు కావాలి.

మీ ఆవిడ భయం అర్థం లేనిది కాదు, కానీ దానికి సమాధానం ఉంది. పొగరాని మందు డబ్బాలో ఉండగా నిప్పు తగిలితే వేగంగా మండుతుంది, బాంబులా పేలదు. దాన్ని గట్టి లోహపు పెట్టెలో బిగించి పెడితేనే ఒత్తిడి పెరిగి ప్రమాదం అవుతుంది, అందుకే మందును తుపాకుల సేఫ్‌లో దాచకూడదు. అమెరికా అగ్నిమాపక ప్రమాణాల ప్రకారం ఇంట్లో కంపెనీ డబ్బాల్లోనే 20 పౌనుల దాకా మందు, 10,000 దాకా ప్రైమర్లు ఉంచుకోవచ్చు. స్థానిక నిబంధనలు ఇంతకంటే కఠినంగా ఉంటే అవే చెల్లుతాయి. మీకు రెండు పౌనుల కంటే ఎక్కువ అవసరం ఎప్పుడూ రాదు. తాళం వేసిన చెక్క అల్మరాలో, వాటర్ హీటరుకు దూరంగా, ఎండ పడని చోట పెట్టండి. వేసవిలో కొలిమిలా మారే టెక్సస్ గరాజ్ కంటే ఇంటి లోపలి గదే నయం. ప్రైమర్లను వాటి ట్రేలలో నుంచి తీసి గాజు సీసాలో పోయడం అన్నిటికంటే ప్రమాదకరం, ఒకటి పేలితే అన్నీ ఒకేసారి పేలుతాయి.

పిల్లలున్న ఇంట్లో నేను మందు కంటే సీసం గురించి ఎక్కువగా హెచ్చరిస్తాను. పేలిన ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. వాడిన బ్రాస్‌ను పొడి టంబ్లర్‌లో, అంటే తిప్పి శుభ్రం చేసే యంత్రంలో, తిప్పినప్పుడు లేచే ధూళిలో అది కలిసి ఉంటుంది. ఆ పని ఇంటి లోపల చెయ్యకండి. నీటితో కడిగే పద్ధతి ఎంచుకుని, ఆ మురికి నీటిని వంటగది సింకులో పోయకండి. వంట పాత్రలు, వంటగది త్రాసు ఈ పనికి వాడవద్దు. మనం చేత్తో కలుపుకుని తినేవాళ్లం, పిల్లలకు ముద్దలు పెట్టేవాళ్లం కాబట్టి, రేంజి నుంచి రాగానే గానీ బల్ల దగ్గర నుంచి లేవగానే గానీ సబ్బుతో చల్లటి నీళ్లలో చేతులు బాగా కడుక్కుని, చొక్కా మార్చుకున్నాకే పిల్లలను ఎత్తుకోవాలి. ఫ్యాక్టరీ తూటాలు పేల్చి వచ్చినప్పుడు కూడా ఈ జాగ్రత్త తప్పదు, ఈ వారం నుంచే మొదలుపెట్టండి.

చివరి సందేహానికి జవాబు: ఖాళీ తూటా అయినా సరే, ఇండియాకు పట్టుకెళ్లవద్దు. 1959 ఆయుధాల చట్టంలో తూటాలు అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో వాటి భాగాలు కూడా చేరి ఉన్నాయి. అక్కడ ఇంట్లో తూటాలు నింపుకోవడం కూడా లైసెన్సు కావలసిన తయారీ కిందికే వస్తుంది కాబట్టి, నాన్నగారి ఊళ్లో లైసెన్సు తుపాకీ ఉన్న బంధువులెవరికైనా మీ సామాను ఉపయోగపడుతుందన్న ఆలోచన కూడా రానివ్వకండి. తెలియక సంచిలో ఉండిపోయిన తూటా నేరం కాదనీ, ఎరుకతో కలిగి ఉండటం నిరూపణ కావాలనీ సుప్రీంకోర్టు 1972లో గుణవంత్‌లాల్ కేసు నాటి నుంచి చెబుతూనే ఉంది. కానీ ఆ వాదన వినిపించేది కోర్టులో. శంషాబాద్‌లో స్కానరు దగ్గర మిమ్మల్ని పక్కకు పిలిచిన గంట నుంచి, కోర్టు ఆ మాట చెప్పే రోజు వరకు పాస్‌పోర్టు, సెలవు, ఉద్యోగం అన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. మీ నాన్నగారికి ఫొటోలు చూపించండి. రేంజికి వాడే సంచిని ప్రయాణానికి ఎప్పుడూ వాడకండి. నిరుడు రేంజికి వేసుకెళ్లిన జాకెట్టూ, ప్యాంటూ సూట్‌కేసులో పెట్టే ముందు ప్రతి జేబునూ బయటికి తిరగేసి చూడండి, లోపలి చిన్న జేబులతో సహా.